నీళ్లు ఆవిరైతే ఉప్పు కిందే ఉండిపోవాలిగా, మరి మా కిటికీ దాకా ఎలా వచ్చింది?

లాసన్స్‌బే_లక్ష్మి
మా ఇల్లు బీచ్‌కి కిలోమీటరు లోపే, మూడో అంతస్తు. రెండేళ్ల కిందట వేయించిన కిటికీ గ్రిల్లు పెచ్చులు పెచ్చులుగా ఊడొస్తోంది. పొద్దున తుడిచిన అద్దం సాయంత్రానికి మసక. వేలితో రాసి నాలిక మీద పెట్టుకుంటే ఉప్పగా ఉంటుంది. విశాఖలో ఉండేవాళ్లకి ఇది మామూలే, "ఉప్పు గాలి" అనేసి ఊరుకుంటాం. నేనూ అలాగే ఊరుకున్నా.

మొన్న మావాడు (ఏడో తరగతి) సైన్సు పుస్తకం పట్టుకొచ్చాడు. సముద్రపు నీరు ఆవిరైతే ఉప్పు కిందే మిగిలిపోతుంది, అందుకే వాన నీళ్లు చప్పగా ఉంటాయి అని అందులో ఉంది. "అమ్మా, ఉప్పు కిందే ఉండిపోతే మన గ్రిల్లు మీదకెలా ఎక్కింది?" అన్నాడు. నేను చదివింది ఎమ్మే తెలుగు. నోట మాట రాలేదు. వాళ్ల నాన్నని అడిగితే "గాలికి కొట్టుకొస్తుంది" అన్నారు. ఏది కొట్టుకొస్తుంది? ఆవిరిలో ఉప్పు లేనప్పుడు గాలికి దొరికేది ఏమిటి? తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి, పిల్లాడికి చెప్పాలి.

నౌపడ_ఉప్పు
మాది తాతల నాటి నుంచీ ఉప్పు మడులే. మడిలో నీరు ఎండితే ఉప్పు గట్టిగా కిందే కూకుంటాది, ఎగరదు. ఎగిరితే మేం బతకలేం కదా. బాబు పుస్తకంలో రాసింది రైటే. గాలి సంగతి నాకూ తెలీదు, ఎవరైనా చెప్తే ఇందాం.

విశాఖ_సివిల్
ఇందులో పెద్ద సైన్సు ఏం లేదండీ. కెరటం రాయికి కొట్టుకుంటే తుంపర లేస్తుంది, గాలి మోసుకొస్తుంది. అసలు సమస్య మీ గ్రిల్లు. రెండేళ్లకే పెచ్చులూడిందంటే కింద ప్రైమర్ వెయ్యకుండా రంగేశారు.

లాసన్స్‌బే_లక్ష్మి
సివిల్ గారూ, ప్రైమర్ సంగతి మా ఫ్యాబ్రికేటర్‌ని అడుగుతాను. కానీ తుంపర అంటే నమ్మబుద్ధి కావట్లేదు. ఒడ్డున నిలబడితే ముఖం తడుస్తుంది, పది అడుగులు వెనక్కొస్తే తడవదు. అది కిలోమీటరు ఎగిరి మూడో అంతస్తు ఎలా ఎక్కుతుంది? పైగా సముద్రం నిమ్మళంగా ఉన్న రోజుల్లో కూడా అద్దం మసకే.

సోడాబుడ్డి
గోలీసోడా కొట్టి గ్లాసులో పోసి, కళ్లజోడు తీసి గ్లాసు మీద బోర్లించి పట్టుకోండి. అర నిమిషంలో అద్దం నిండా సన్న చుక్కలు. ఎవరూ చిమ్మలేదు, ఊదలేదు. బుడగ పగిలినప్పుడల్లా ఒక చుక్క పైకి లేస్తుంది. మీ సముద్రం కూడా ఇదే చేస్తోంది.

కరీంనగర్_కుర్రాడు
సముద్రం అంటే పేద్ద సోడా గ్లాస్ అన్నట్టు 😄 మా దిక్కు సముద్రమే లేదు గాని ముచ్చట మస్తుంది, చదువుతున్న.

ఫిజిక్స్_మాస్టారు
సోడాబుడ్డి గారు రెండు ముక్కల్లో అసలు సంగతి పట్టేశారు. బాబుకి చెప్పుకోడానికి వీలుగా నేను కాస్త వివరంగా రాస్తాను.

కెరటం విరిగినప్పుడు గాలిని తనతో పాటు నీళ్లలోకి లాక్కుపోతుంది. ఆ గాలి లక్షల బుడగలుగా చీలిపోతుంది. మనకి తెల్లగా కనిపించే నురగ అదే. ఈ బుడగలు మళ్లీ పైకి తేలి పగులుతాయి. పగలడంలో రెండు దశలున్నాయి.

మొదట పైన టోపీలా ఉన్న పలచటి నీటి పొర చిరుగుతుంది. పొర చిరిగితే దాని అంచులు వెనక్కి లాక్కుంటూ ముక్కలై చుక్కలు రాలుస్తాయి. పెద్ద బుడగైతే పదులు, వందల చుక్కలు. ఇవి ఎంత చిన్నవంటే, నీరు ఆరిపోయాక మిగిలే ఉప్పు రేణువు మిల్లీమీటరులో వెయ్యో వంతు కన్నా చిన్నది.

పొర పోయాక బుడగ ఉన్న చోట ఒక గుంట మిగులుతుంది. చుట్టూ ఉన్న నీరు ఆ గుంటను పూడ్చడానికి అన్ని వైపుల నుంచీ ఒక్కసారిగా దూసుకొస్తుంది. మధ్యలో ఢీకొని, పోవడానికి దారిలేక, సన్నటి ధారగా నిలువునా పైకి చిమ్ముతుంది. ఆ ధార తెగి కొన్ని చుక్కలవుతుంది. ఈ చుక్క బుడగ అడ్డుకొలతలో సుమారు పదో వంతు ఉంటుంది, కొన్ని దాదాపు జానెడు ఎత్తు దాకా లేస్తాయి. సోడా గ్లాసు మీద కళ్లజోడుకి అంటేవి ఇవే.

లక్ష్మి గారికి ఒడ్డున ముఖాన కొట్టే తుంపర వేరు. అది బరువైన చుక్క, అక్కడే పడిపోతుంది. బుడగ పుట్టించిన చిన్న చుక్క గాల్లోనే సగానికి పైగా ఆరి, కళ్లకి కనపడనంత ఉప్పు రేణువైపోతుంది. మరీ సన్నవి రోజుల తరబడి కిందకి దిగవు. వాటికి కిలోమీటరు ఒక లెక్క కాదు, మూడో అంతస్తు అసలే లెక్క కాదు.

కాబట్టి బాబు పుస్తకం తప్పు కాదు. ఆవిరి ఉప్పుని తీసుకెళ్లదు. ఉప్పుని పైకెత్తేది బుడగ.

లాసన్స్‌బే_లక్ష్మి
మాస్టారూ, రెండుసార్లు చదివాను, మూడోసారి మావాడికి చదివి వినిపించాను. గుంట పూడ్చడానికి నీరు దూసుకొచ్చి పైకి చిమ్మడం వాడికి తెగ నచ్చింది. ఇప్పుడు వాడి ప్రశ్న: కెరటం లేని రోజు సంగతేంటి?

డెక్‌మీద_మనిషి
ఇది నేను చెప్తాను, పంతొమ్మిదేళ్లుగా కార్గో షిప్పుల్లో పని. ఒడ్డున కెరటం లేకపోతే సముద్రంలో లేనట్టు కాదు. గాలి గంటకి 12-15 కిలోమీటర్లు దాటితే చాలు, నడి సముద్రంలో అక్కడొకటి ఇక్కడొకటి తెల్లటి తలలు లేస్తాయి. మేం గాలి వేగం అంచనా కట్టేదే ఆ తెలుపు చూసి. బ్యూఫర్ట్ స్కేలు అంతా అదే: తెల్లతలలు అరకొరగా ఉంటే 3, అంతటా ఉంటే 5, గాలివాటున నురగ చారలు పడితే 7, సముద్రం మొత్తం తెల్లబడి తుంపరకి ఎదురేముందో కనిపించకపోతే 12. నార్త్ అట్లాంటిక్‌లో జనవరిలో ఒకసారి 11 చూశాను. నీళ్లెక్కడ ఆగాయో గాలెక్కడ మొదలైందో తెలీలేదు. మర్నాడు బ్రిడ్జి (ఓడ నడిపే గది) కిటికీల మీద ఉప్పు వేలి మందాన పేరుకుంది.

ఓషనోగ్రఫీ_ఓనమాలు
డెక్‌మీద_మనిషి గారి స్కేలుకి ఒక లెక్క జోడిస్తాను (ఈ సబ్జెక్టులోనే పీహెచ్‌డీ చేస్తున్నా). 1980లో మొనహన్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరుడు కలిసి సముద్రం ఫొటోలు కొలిచి ఒక సూత్రం కట్టారు. దాని ప్రకారం గాలి వేగం రెట్టింపైతే తెల్లనురగ పరచుకునే మేర సుమారు పది రెట్లవుతుంది. అందుకే నాలుగు రోజుల మామూలు గాలి కన్నా ఒక్క రోజు తుఫాను ఎక్కువ పని చేస్తుంది. భూమ్మీద సముద్రాలన్నీ కలిసి ఏటా గాల్లోకి ఎత్తే ఉప్పు వందల కోట్ల టన్నులు. మన ఉప్పు మడులన్నీ కలిపినా ఆ దరిదాపులకి రావు.

నౌపడ_ఉప్పు
వందల కోట్ల టన్నులా! మేం నెలల తరబడి ఎండలో పారలాడిస్తే వచ్చేది ఎంత! బుడగకి కూలీ కూడా అక్కర్లేదు.

అంతర్వేది_అబ్బాయి
ఒక డౌటండి. మాది గోదారి సముద్రంలో కలిసే చోటు. చిన్నప్పట్నించీ చూస్తున్నానండి, అటు సముద్రం వైపు చిన్న కెరటం విరిగినా తెల్లగా నురగొచ్చి కాసేపు నిలబడుద్ది. ఇటు గోదారిలో పంటు (రేవు దాటించే పడవ) వెళ్లేటప్పుడు ఎంత అల లేచినా బుడగలొచ్చినట్టే వచ్చి టప్పున పోతాయి. గాలి అదే, మనుషులూ అదే. తేడా ఏంటండి?

విశాఖ_సివిల్
సముద్రంలో చెత్త, సబ్బు, ఆయిలు కలుస్తాయి కదా, అందుకు.

ఫిజిక్స్_మాస్టారు
సివిల్ గారితో ఇక్కడ ఒప్పుకోను. చెత్త ఏమీ లేని నడి సముద్రంలో కూడా నురగ తెల్లగానే ఉంటుంది. కారణం ఉప్పే. మంచినీళ్లలో రెండు బుడగలు తగిలితే కలిసిపోయి ఒక పెద్ద బుడగవుతుంది, పెద్దది గబగబా తేలి పగిలిపోతుంది. ఉప్పు నీళ్లలో ఆ కలయిక జరగదు. బుడగలు ఒకదాన్నొకటి రాసుకుంటూ విడివిడిగా ఉండిపోతాయి. అందుకే చిన్నవి, ఎక్కువ, ఎక్కువసేపు. ఉప్పు ఇంత గట్టిగా ఎందుకు అడ్డుపడుతుందన్నది మాత్రం ఇంకా పూర్తిగా తేలని ప్రశ్న. ముప్పై ఏళ్లుగా దాని మీద వ్యాసాలు వస్తూనే ఉన్నాయి.

అబ్బాయీ, ఒడ్డున నిలబడి పుస్తకం లేకుండా ఇది గమనించావు చూడు, అసలు చదువు అది.

ఓషనోగ్రఫీ_ఓనమాలు
మాస్టారి మాట నిజం, కానీ సివిల్ గారిది పూర్తిగా కొట్టెయ్యకండి. నురగ పుట్టించేది ఉప్పు. దాన్ని గంటల తరబడి నిలబెట్టేది మాత్రం నీటిలోని సేంద్రియ పదార్థం: పాచి, కుళ్లిన జీవాల కొవ్వులు, మాంసకృత్తులు. వీటికి తోడు మనం కలిపే డిటర్జెంటు.

చెన్నై_శారద
నిలబడే నురగ అంటే మా మెరీనాని చూడాలి. 2019లో వానలయ్యాక పట్టినపాక్కం నుంచి కిలోమీటర్ల పొడవున మంచు పడ్డట్టు నురగ. పిల్లలు అందులో దొర్లుతూ ఫొటోలు. శుద్ధి చేయని మురుగు, సబ్బు నీళ్లు వాన వరదతో సముద్రంలోకి వచ్చాయని అప్పుడు అధికారులే చెప్పారు. మా అక్క కూతురు కూడా వెళ్లొచ్చింది, వారం రోజులు ఒళ్లంతా దురద. మాస్టారూ, మీరు చెప్పిందాని ప్రకారం ఆ మురుగు కూడా బుడగతో పాటు గాల్లోకి లేచినట్టేగా? ఇప్పుడు చదువుతుంటే భయమేస్తోంది.

ఫిజిక్స్_మాస్టారు
లేస్తుందమ్మా. ఇంకా చెప్పాలంటే నీటిలో ఉన్న దానికన్నా చిక్కగా లేస్తుంది. బుడగ పైకి తేలుతూ దారిలో తగిలిన బ్యాక్టీరియాని, జిడ్డుని తన గోడకి అంటించుకుని తెస్తుంది. పగిలినప్పుడు ఆ గోడే చుక్కవుతుంది. 1970లో బ్లాంచర్డ్, సిజ్డెక్ ఇద్దరూ కలిసి కొలిచారు, పైకెగిరిన చుక్కలో బ్యాక్టీరియా కింద నీటిలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఈ బ్లాంచర్డ్ బుడగల మీదే జీవితం గడిపాడు.

ఓషనోగ్రఫీ_ఓనమాలు
శారద గారూ, దీని మీద ఈమధ్యే పని జరిగింది. కాలిఫోర్నియాలో మెక్సికో సరిహద్దు దగ్గర ఇంపీరియల్ బీచ్ ఉంది, టిఉవానా నది మురుగు అక్కడే సముద్రంలో కలుస్తుంది. స్క్రిప్స్ అనే సముద్ర పరిశోధన సంస్థ వాళ్లు గాలిని పట్టి చూసి 2023లో ప్రచురించారు. అక్కడి గాలిలోని బ్యాక్టీరియాలో కొన్ని రోజుల్లో ముప్పాతిక వంతు దాకా ఆ నది నుంచి వచ్చినవే. బీచ్ మూసేస్తే నీళ్లలో దిగకుండా ఆపొచ్చు, ఊపిరి పీల్చకుండా ఆపలేం కదా. ఆ గాలి వల్ల ఎంతమందికి జబ్బు చేసిందన్నది ఆ పరిశోధన చూడలేదు, కాబట్టి భయపడిపోకండి. కానీ మురుగు సముద్రంలో వదిలితే పోయిందనుకోవడం మానాలి.

టాంపా_తెలుగు
శారదక్కా, మీరు రాసింది చదివి మా ఊరి సంగతి గుర్తొచ్చింది. ఫ్లోరిడా గల్ఫ్ తీరంలో ఎర్రపోటు వస్తుంటుంది, రెడ్ టైడ్ అంటారు. కరేనియా అనే సూక్ష్మమైన పాచి నీళ్లలో విపరీతంగా పెరుగుతుంది, దానిలో విషం. 2018 వేసవిలో మా అత్తయ్యగారు ఇండియా నుంచి వచ్చారు. ఆవిడకి ఆస్తమా. బీచ్ చూపిద్దామని తీసుకెళ్లాను. కారు దిగి ఇసుకలో అడుగుపెట్టామో లేదో ఇద్దరికీ ఒకటే దగ్గు, గొంతులో మిరపకాయ ఘాటు. నీళ్లని ముట్టుకోనే లేదు. కారెక్కి రెండు వీధులు వెనక్కొచ్చేసరికి తగ్గింది. ఆవిడ మాత్రం రాత్రంతా ఇన్హేలరు పట్టుకుని కూర్చున్నారు. తెలియక తీసుకెళ్లానని ఇప్పటికీ బాధే.

తర్వాత చదివాను. 1947లో ఇలాంటి ఎర్రపోటప్పుడే వుడ్‌కాక్ అనే ఆయన ఆ నీటిని తుంపరగా చేసి తానే పీల్చి చూశాడట. తుంపరకి దగ్గొచ్చింది. ముక్కుకి దూది అడ్డం పెట్టుకుంటే రాలేదు. అంటే విషం వాయువుగా కాదు, చుక్కల్లో వస్తోందని తేల్చాడు. ఇప్పుడు ఇక్కడ బీచ్‌ల వారీగా "ఈరోజు గాలి ఘాటు" అని ముందే చెప్తారు, గాలి సముద్రం నుంచి ఒడ్డుకి వీస్తోందా లేదా అన్నదే అందులో ముఖ్యం.

ఉప్పాడ_కెరటం
మావైపు అంత విషం లేదు గానీ, నురగ ఎక్కువున్న రోజు వేట నుంచి వస్తే కళ్లు మంట, పెదాలు పగుల్తాయి. మా నాన్న "ఇవాళ గాలి కారంగా ఉంది" అనేవాడు. కారం అంటే ఉప్పే. మా ఊరి రోడ్డు మీదకే కెరటం వస్తుంది, అందరికీ తెలుసు. ఇళ్లలో రేకులు ఏటా మార్చాల్సిందే. ఇంకోటి, చీకట్లో తీరం ఎంత దూరముందో మా వాళ్లు నురగ చప్పుడు బట్టి చెప్తారు.

ఫిజిక్స్_మాస్టారు
ఆ చప్పుడు కూడా బుడగదే! బుడగ పుట్టగానే గంటలా మోగుతుంది. చిన్నదైతే సన్నగా, పెద్దదైతే బొంగురుగా. 1933లో మిన్నార్ట్ అనే శాస్త్రవేత్త లెక్క కట్టాడు, ఒక మిల్లీమీటరు వ్యాసార్థం ఉన్న బుడగ సెకనుకి 3,300 సార్లు కంపిస్తుంది. సముద్రఘోష అని మనం పిలిచే దానిలో చాలా భాగం కోట్ల బుడగల పుట్టుక చప్పుడు.

లాసన్స్‌బే_లక్ష్మి
"ఘోష" అన్న మాటని ఇన్నేళ్లు పద్యాల్లో చదివాను, పాఠం చెప్పాను. అది బుడగల పుట్టుక అని ఇవాళ తెలిసింది. ఒళ్లు జలదరించింది మాస్టారూ.

గ్యాస్_బావి
అసలైన బుడగల్ని ఎవరూ పట్టించుకోవట్లేదు. కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్‌లో సముద్రం అడుగున మీథేన్ మంచులా గడ్డకట్టి ఉంది. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ ఓడతో తవ్వి చూశారు, వంద మీటర్ల పైన మందం పొర దొరికింది. అది బుడగలుగా పైకొస్తే వాతావరణం వేడెక్కిపోతుంది. గ్రిల్లు తుప్పు గురించి మాట్లాడుకుంటున్నాం ఇక్కడ!

ఓషనోగ్రఫీ_ఓనమాలు
గ్యాస్_బావి గారూ, నిక్షేపం నిజమే. కానీ అది వెయ్యి మీటర్ల లోతు నీటి కింద ఉంది. అంత లోతు నుంచి బయల్దేరిన మీథేన్ బుడగ పైకి వచ్చే దారిలోనే కరిగిపోతుంది, కరిగిన మీథేన్‌ని బ్యాక్టీరియా తినేస్తాయి. గాలిలోకి నేరుగా వచ్చేది బాగా లోతు తక్కువున్న చోట్ల. సైబీరియా ఉత్తరాన ఆర్కిటిక్ తీరం అలాంటిది, కొన్ని పదుల మీటర్లే లోతు. దాని గురించి ఆందోళన ఉంది, వాదనలూ ఉన్నాయి. కానీ కిందనుంచి పైకొచ్చే గ్యాసు బుడగ వేరు, పైనుంచి కెరటం తొక్కిపెట్టే గాలి బుడగ వేరు. రెండూ ఒకే చర్చలో కలిపితే గందరగోళమే.

గ్యాస్_బావి
సరే, వేరే అనుకుందాం. కానీ గాలి బుడగ వల్ల వాతావరణానికి అంత పెద్ద మార్పేముంది? ఉప్పు పైకి లేచింది, పడింది. అంతేగా.

ఓషనోగ్రఫీ_ఓనమాలు
అంతే కాదు. నేను ఈ సబ్జెక్టులోకి వచ్చిందే ఈ సంగతి విని.

మనం ఏటా గాల్లోకి వదిలే కార్బన్ డయాక్సైడులో సుమారు నాలుగో వంతు సముద్రం తీసుకుంటోంది. ఏ దారిన తీసుకుంటోంది? నిశ్చలంగా ఉన్న నీటి మీద వాయువు పైపొర గుండా మెల్లగా ఇంకాలి. ఆ పైపొర సన్నటి తలుపు. కెరటం విరిగితే ఆ తలుపు పగిలి, గాలే లక్షల ముక్కలై నీళ్లలోకి దిగుతుంది. ప్రతి బుడగ చుట్టూ కొత్త నీటి గోడ. పైగా బుడగని నీరు నొక్కుతుంది. పది మీటర్ల లోతుకి వెళ్తే ఒత్తిడి రెట్టింపు, బుడగలోని వాయువు బలవంతంగా నీటిలోకి కరుగుతుంది. మామూలుగా బుడగలు కొద్ది మీటర్లే దిగుతాయి. తుఫానులో పది మీటర్లు దాటి కూడా పోతాయి. చిన్న బుడగలైతే మళ్లీ పైకి రానే రావు, అక్కడే పూర్తిగా కరిగిపోతాయి.

2020లో ప్రిన్‌స్టన్ పరిశోధకులు వేసిన లెక్కలో సముద్రం తీసుకునే కార్బన్ డయాక్సైడులో సుమారు 40 శాతం బుడగల దారినే పోతోందని వచ్చింది. అది ఒక లెక్క, ఇంకా కొలతలు కావాలి. ఎందుకంటే కొలవాల్సింది సరిగ్గా డెక్‌మీద_మనిషి గారు చెప్పిన 11 నంబరు గాలిలో! 2013 అక్టోబరు, నవంబరు నెలల్లో నోర్ అనే ఓడలో కొందరు కావాలనే లాబ్రడార్ సముద్రం, నార్త్ అట్లాంటిక్ తుఫానుల్లోకి వెళ్లి నిలబడ్డారు. హెలెన్ చెర్స్కీ అనే బుడగల శాస్త్రవేత్త తన పరికరాలు కట్టిన, నీటి మీద తేలే బోయాని ఆ కెరటాల్లో వదిలింది. అందరూ రేవుకి పారిపోయే వాతావరణం కోసం వీళ్లు కాచుకుని కూర్చున్నారు.

డెక్‌మీద_మనిషి
వాళ్లకో దండం. మేం అలాంటి చోటు తప్పించుకోడానికి రెండు రోజులు చుట్టు తిరిగి పోతాం.

నర్సీపట్నం_నాని
సముద్రమే 50 శాతం ఆక్సిజన్ ఇస్తుందని చదివా. అది కూడా ఈ బుడగల్లోనే వస్తుందా?

ఓషనోగ్రఫీ_ఓనమాలు
లేదు నాని గారూ. భూమ్మీద తయారయ్యే ఆక్సిజన్‌లో సగం దాకా సముద్రంలోని పాచి తయారుచేస్తుంది, కానీ దాదాపు అంతా సముద్రంలోని జీవాలే వాడేసుకుంటాయి. బుడగ ఇక్కడ చేసేది తిరుగు పని: గాలిలోని ఆక్సిజన్‌ని నీళ్లలోకి దించుతుంది. కార్బన్ డయాక్సైడు నీటిలో తేలిగ్గా కరుగుతుంది. ఆక్సిజన్ అంత తేలిగ్గా కరగదు, కాబట్టి దానికి బుడగ సాయం ఇంకా ఎక్కువ కావాలి. లాబ్రడార్ సముద్రంలో చలికాలంలో చల్లబడిన నీరు బరువెక్కి వేల అడుగుల లోతుకి దిగుతుంది. పైన తుఫాను కలిపిన ఆక్సిజన్‌ని వెంట తీసుకుపోతుంది. అట్లాంటిక్ అడుగున చేపలు ఊపిరి పీలుస్తున్నాయంటే ఆ చలికాలపు తుఫానుల పుణ్యం చాలా ఉంది.

ఉప్పాడ_కెరటం
మేం తుఫానుని తిట్టుకుంటాం. చేపకి అది ఊపిరన్నమాట. మా నాన్నకి చెప్తా.

విశాఖ_సివిల్
తుఫాను పొగడకండి సార్. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్. ఆ రోజు నేను సీతమ్మధారలో ఉన్నా. రెండో రోజు బయటికొస్తే కూలిన చెట్లు సరే, నిలబడ్డ చెట్ల ఆకులు కూడా గోధుమ రంగులో మాడిపోయి ఉన్నాయి, ఎవరో నిప్పు పెట్టినట్టు. అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడనిపిస్తోంది, ఉప్పు.

ఫిజిక్స్_మాస్టారు
ఉప్పుతో పాటు ఈదురుగాలి రాపిడి కూడా. అంత గాలిలో బుడగలతో పని లేకుండానే కెరటం తలని గాలి చీల్చుకుపోతుంది, అవి పెద్ద చుక్కలు. మొదట మీరన్న తుంపర అక్కడ పూర్తిగా నిజం సివిల్ గారూ. ఇంకో వింత, గాలి పెరిగేకొద్దీ నీటి రాపిడి కూడా పెరుగుతూ పోవాలి కదా. గంటకి సుమారు 120 కిలోమీటర్లు దాటాక పెరగడం ఆగిపోతుందని 2003లో తుఫానుల్లోకి పరికరాలు జారవిడిచి కనుక్కున్నారు. నీటికీ గాలికీ మధ్య నురగ, తుంపర ఒక జారుడు పొరలా పరచుకోవడం దానికి ఒక కారణమని అంటారు.

విశాఖ_సివిల్
ఒప్పుకున్నాను మాస్టారూ, ఇందులో పెద్ద సైన్సే ఉంది. మొదట తేలిగ్గా తీసేశాను.

కరీంనగర్_కుర్రాడు
అందరి ముచ్చట అయింది. మరి మాకు? 400 కిలోమీటర్ల అవతల ఉన్నోనికి ఈ బుడగతోని ఏం పని?

ఓషనోగ్రఫీ_ఓనమాలు
వాన తమ్ముడూ, వాన. ఆవిరి తనంతట తాను మబ్బు చుక్క కాలేదు, పట్టుకోడానికి ఒక గింజ కావాలి. ధూళి, పొగ, ఉప్పు ఇలాంటివి. ఉప్పు వీటిలో నీటిని మహా ఇష్టపడే గింజ, గాలిలో తేమ 75 శాతం దాటితే చాలు తనే నీరైపోతుంది. (లక్ష్మి గారి గ్రిల్లు పగలూ రాత్రీ తడిగా ఉండేది కూడా ఇందుకే.)

పొగ గింజలు మరీ సన్నవి, మరీ ఎక్కువ. ఉన్న నీరంతా కోట్ల చిన్న చుక్కలుగా పంచుకుపోయి ఏదీ రాలేంత బరువెక్కదు. పెద్ద ఉప్పు గింజ ఉంటే దాని చుట్టూ పెద్ద చుక్క కడుతుంది, అది మిగతావాటిని కలుపుకుంటూ వానై రాలుతుంది. 1999లో రామనాథన్ గారి వాళ్ల ఇండోఎక్స్ పరిశోధనలో చలికాలంలో మన ఉపఖండం పొగ హిందూ మహాసముద్రం మీద ఎలా పరచుకుంటుందో చూశారు. 2002లో రోజెన్‌ఫెల్డ్ బృందం ఉపగ్రహ చిత్రాలతో ఇంకో సంగతి చూపించింది: నేల మీద అదే పొగ వానని ఆపుతోంది, సముద్రం మీదకి వెళ్లాక ఉప్పు గింజలు తోడై వాన కురిసి ఆ పొగ కడిగేసుకుపోతోంది.

మీ ఊరి వాన చుక్కలో కూడా కొలిస్తే కాస్త క్లోరైడ్ (ఉప్పులోని భాగమే) దొరుకుతుంది. తీరం నుంచి లోపలికి పోయేకొద్దీ తగ్గుతుంది, పూర్తిగా పోదు.

కరీంనగర్_కుర్రాడు
అంటే మా బాయిల పడ్డ వాన చినుకుల మీ విశాఖ బుడగ ఉండొచ్చు. మస్తు జెప్పినవ్ అక్కా.

సోడాబుడ్డి
మరి ఓడల నుంచి ఉప్పు నీళ్లు చిమ్మి మబ్బుల్ని తెల్లబరిచి ఎండ తగ్గిస్తారట కదా? ఆస్ట్రేలియాలో పగడాల మీద చేశారని విన్నాను.

ఓషనోగ్రఫీ_ఓనమాలు
2020లో గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర చిన్న ప్రయత్నం మొదలుపెట్టారు, నాజిల్స్‌తో. ఆలోచన 1990లో లేథమ్ అనే శాస్త్రవేత్తది. నా మటుకు నాకు ఇష్టం లేదు. ఒక చోట మబ్బుని మారిస్తే ఇంకో చోట వాన మారుతుంది. మన వర్షాకాలంతో ఎవరూ ప్రయోగాలు చెయ్యకూడదు. దీని మీద వాదన కావాలంటే వేరే చర్చ పెట్టండి, ఇక్కడ పిల్లాడి ప్రశ్న ఉంది.

విశాఖ_సివిల్
అవును, గ్రిల్లు! లక్ష్మి గారూ, మళ్లీ చేయిస్తే ఇనుము వద్దు. స్టీలైతే 304 రకం కాదు, 316 రకం అడగండి, దానిలో మాలిబ్డినం అనే లోహం ఉంటుంది, ఉప్పుకి కాస్త ఆగుతుంది. ధర ఎక్కువే. ఏది వేసినా వారానికోసారి మంచినీళ్లతో కడగండి. వాన తగలని లోపలి అంచులు ముందు తుప్పు పడతాయి, అక్కడ ఉప్పుని కడిగేవాళ్లు లేరు కాబట్టి.

లాసన్స్‌బే_లక్ష్మి
నాలుగు రోజులైంది, ఆదివారం మేం చేసింది రాస్తున్నా. మావాడి చేపల తొట్టె మోటారు తీసుకున్నాం, బుడగలొచ్చే రాయితో సహా. లీటరు ఆర్వో నీళ్లలో 35 గ్రాముల ఉప్పు కలిపాం. ఒక గ్లాసులో ఉప్పు నీళ్లు, ఒక గ్లాసులో వట్టి నీళ్లు. ఒక్కో దాంట్లో పావుగంట బుడగలు వదిలి, నాలుగు వేళ్ల ఎత్తున చేతి అద్దం పట్టాం. మూడోది పొయ్యి మీద: అదే ఉప్పు నీళ్లు గిన్నెలో సన్న సెగన వేడి చేసి, మరగనివ్వకుండా, పైన మూత.

వట్టి నీళ్లలో బుడగలు గోళీల్లా పెద్దవి, పైకొచ్చి మాయం. ఉప్పు నీళ్లలో మజ్జిగలా తెల్లగా మసకేసింది, అంతర్వేది అబ్బాయి గారు చెప్పింది కళ్లముందే. అద్దాలు ఎండలో ఆరబెట్టాం. వట్టి నీళ్ల అద్దం మామూలుగా ఉంది. ఉప్పు నీళ్ల అద్దం మీద పిండి చల్లినట్టు తెల్లటి చుక్కలు. మావాడు నాకి చూసి "ఉప్పే" అని ఇల్లంతా పరిగెత్తాడు. తర్వాత గిన్నె మూత కింద పట్టిన చెమట నాకితే చప్పగా ఉంది.

స్కూల్లో రేపు మూడింటినీ చూపిస్తానంటున్నాడు. మోటారు ఎవరూ ముట్టుకోకూడదని షరతు పెట్టి పంపిస్తున్నా, చేపలకి అదొక్కటే దిక్కు.

ఫిజిక్స్_మాస్టారు
మూత చప్పగా, అద్దం ఉప్పగా! బాబుకి నా తరఫున శభాష్ చెప్పండి. మరగనివ్వకుండా ఉంచడం ఎవరి ఆలోచన?

లాసన్స్‌బే_లక్ష్మి
వాడిదే. "మరిగితే బుడగలొస్తాయమ్మా, అప్పుడు మూత కూడా ఉప్పగా అయిపోతుంది" అన్నాడు.

నౌపడ_ఉప్పు
రేపు నీరు తోడే మోటారు దగ్గర, కాలవలో నురగ పేరుకునే మూలన నేనూ ఒక అద్దం కట్టి చూస్తాను. సాయంత్రానికి ఎంత పట్టిందో ఫొటో పెడతాను.